ముప్పై రెండు రోజుల నిలకడ

నన్ను బడిలో నిలబెట్టడానికి ఆ ఏడాది ముప్పై రెండు రోజులు నన్ను బడి బయట కూర్చోబెట్టారు. ఈ మాట చెప్తే ఎవరైనా నవ్వుతారు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం ఒళ్ళు భగ్గున మండింది.

నా పేరు శ్రీలత. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. మా బడి నడిపే సొసైటీ వాళ్ళకు జగిత్యాలలో ఒకటి, కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి, మూడు బడులున్నాయి. మా నాన్న బక్కయ్య మార్కెట్ యార్డులో బస్తాలు మోశాడు. కన్నతల్లిని మేం అవ్వ అంటాం. మా అవ్వ దేవవ్వ బీడీలు చుట్టింది. ఇద్దరూ కలిసి నన్ను బీఎస్సీ, ఆపైన బీఎడ్ చదివించారు. మేం మాదిగోళ్ళం. అడగకముందే ఎందుకు చెప్తున్నావంటారేమో, ఈ గొడవంతా దాని చుట్టూనే తిరిగింది మరి.

తొమ్మిదేళ్ళు నన్ను ఆరు, ఏడు తరగతులు దాటనివ్వలేదు. ప్రతి జూన్‌లో మా ప్రిన్సిపాల్ చంద్రమౌళి సార్ ముందు నిలబడి పదో తరగతి అడిగేదాన్ని. "వచ్చే ఏడు చూద్దాం శ్రీలతా" అనేవాడు. స్టాఫులో అందరినీ 'మేడం' అంటాడు, నన్ను మాత్రం పేరు పెట్టి పిలుస్తాడు. అభిమానమట. ఎల్కేజీ పిల్ల వాంతి చేసుకున్నా, బాత్రూములో నీళ్ళు రాకపోయినా ఆ అభిమానం ఇంకా పొంగేది. "శ్రీలతను పిలువుండ్రి, ఆమెకు గిసుంటియి మంచిగొస్తయి" అని ఆయమ్మకన్నా ముందు నాకు కబురు పంపేవాడు. బీఎడ్‌లో ఆ పేపరు రాసినట్టు నాకైతే గుర్తు లేదు.

ఆ ఏడు పదో తరగతి లెక్కల సారుకు సర్కారు నౌకరీ వచ్చింది. బడి తెరిచి వారమైనా ఇంకో సారు దొరకలేదు. దిక్కులేక పది 'బి' సెక్షన్ నా చేతిలో పెట్టారు. దిక్కులేక ఇచ్చినా ఇచ్చిందే కదా! మా దగ్గర లెక్కల టీచరంటే పదో తరగతికి చెప్పేవాళ్ళే, మిగతావాళ్ళం ఎక్కాలు అప్పజెప్పించుకునేవాళ్ళం. ఆ సాయంత్రం పావుకిలో జిలేబీ కొనుక్కుని ఇంటికి పోయాను.

"పదో తరగతా? బోర్డు పరీక్ష రాసేటోళ్ళా?" అంది మా అవ్వ, ఒళ్ళో బీడీల చాట పట్టుకుని.

"అవునవ్వా, వాళ్ళే."

"మరి గిన్నేండ్లు ఏం జేసిండ్రే నిన్ను?" అని, జవాబు వినకుండానే చాట పక్కన పెట్టి, తోటి ఆడవాళ్ళకు చెప్పడానికి వాడకట్టు మీద పడింది. నేను వాకిట్లో కూర్చుని ఒక్కదాన్నే జిలేబీ తిన్నాను. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ సంతోషం సరిగ్గా పదిహేను రోజులు నడిచింది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. మూడో బెంచీలో మనీషా అని ఒకతె ఉండేది. తండ్రి మస్కట్‌లో ఉంటాడు. పీరియడ్‌కు పది సందేహాలు అడుగుతుంది, పదకొండోది గంట కొట్టాక అడుగుతుంది. ఆ పిల్లకు జవాబు చెప్పడానికి నేను రాత్రి ముందే చదువుకుని పోయేదాన్ని. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా చదువుకు పని దొరికినట్టయింది.

జూలైలో స్టాఫ్ మీటింగు పెట్టారు. చంద్రమౌళి సార్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"అణగారిన వర్గాల మహిళా టీచర్లు నౌకరీల నిలుస్తలేరట. జల్ది మానేస్తున్నరట. హైదరాబాద్ ఫౌండేషనోళ్ళు శానా బాధపడుతున్నరు. వాళ్ళను నిలబెట్టేటందుకు 'నిలకడ' అని ఒక ప్రాజెక్టు వెట్టిండ్రు. మన మూడు బడుల కెళ్ళి ముగ్గురికి ఏడాదంత ట్రైనింగు ఇస్తరు."

స్టాఫంతా తలలు తిప్పి నన్ను చూశారు. తొమ్మిదేళ్ళుగా అదే గదిలో, అదే విరిగిన కుర్చీలో కూర్చున్నదాన్ని నేను. నా పక్కన కూర్చున్నవాళ్ళు ఈ తొమ్మిదేళ్ళలో ఆరుగురు మారారు. వాళ్ళ నిలకడ గురించి ఎవరికీ బాధ లేదు.

"ముగ్గుర్ని ఎట్ల సెలెక్ట్ చేసిండ్రు సార్?" అన్నాను.

"మెరిట్ మీద" అన్నాడు సార్, కళ్ళు కాగితం మీదికి దించుకుని.

చూశారా, పదో తరగతి అడిగినప్పుడు ఎన్నడూ కనిపించని మెరిటు ఒక్కసారిగా బయటపడింది! జగిత్యాల నుంచి పద్మ, సిరిసిల్ల నుంచి రజిత, కోరుట్ల నుంచి నేను. ముగ్గురమూ మా వాళ్ళమే.

"మరి నా పదో తరగతి సార్?"

"నువ్వు లేని దినాలు రాకేశ్ చూస్కుంటడు తియ్యి."

రాకేశ్ మా కరస్పాండెంట్ గారి భార్య తమ్ముడి కొడుకు. బీటెక్ చదివి కంప్యూటర్ల రిపేరు చూడటానికి వచ్చినవాడు. బీఎడ్ లేదు, ఒక్కరోజు ట్రైనింగు లేదు. బీఎడ్ ఉండి, తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న నేను పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి పోవాలి, ఏమీ లేని రాకేశ్ పాఠాలు చెప్పాలి. ఇందులో తప్పేముందో ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ కనపడలేదు.

మొదటి ట్రైనింగు జగిత్యాలలో, ఒక ఫంక్షన్ హాలు మేడ మీద. మూడు రోజులు. హాల్లోకి పోగానే మెడలో కార్డు వేసి, చేతిలో స్కెచ్ పెన్ను పెట్టారు. మాతో పాటు వేరే బడుల నుంచి వచ్చినవాళ్ళు ముప్పై మంది దాకా ఉన్నారు. ట్రైనర్ మేడం నవ్వు ముఖంతో, ముందు అందరం దగ్గరవుదాం, మీ పేరు ముందు ఒక కూరగాయ చేర్చి చెప్పండి అంది.

పొట్లకాయ పద్మ. రామములక్కాయ రజిత. సొరకాయ శ్రీలత. ముప్పై నాలుగేళ్ళదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, వర్గ సమీకరణాలు చెప్పుకునేదాన్ని, చప్పట్లు కొడుతూ సొరకాయనని చెప్పుకున్నాను. కోరుట్లలో ఆ సమయానికి రెండో పీరియడ్ గంట కొడతారు. అది తలచుకునేసరికి చేతులు ఆగిపోయాయి. "సొరకాయ గారూ, ఎనర్జీ!" అని ట్రైనర్ మేడం అరిచింది.

తరవాత పచ్చ కాగితం ముక్కలు ఇచ్చి, బడిలో నిలవడానికి మీకేం కావాలో రాయమన్నారు. నేను రాశాను: 'నా పదో తరగతి నాకుండాలి.' వాటినన్నిటినీ గోడకు అతికించి ఫోటోలు తీశారు. మధ్యాహ్నం ఫ్యాన్లు వేశారు. కాగితాలు ఒక్కొక్కటే రాలి కిందపడ్డాయి. సాయంత్రం ఊడ్చే ఆమె వాటిని చేటలోకి ఎత్తింది. నా కాగితం ఆ చేటలోనే పోయింది.

రెండో రోజు అనుభవాలు పంచుకోవాలట. పద్మ లేచి తను ఎంత పేదరికంలో చదివిందో చెప్పి ఏడ్చింది. హాలంతా ముక్కులు చీదింది. నా వంతు వచ్చింది.

"మా అవ్వ బీడీలు చుట్టి చదివిచ్చింది. ఐతారం ఐతారం మటన్ వండేది. నేను మంచిగనే తిన్న, మంచిగనే చదివిన" అన్నాను.

ట్రైనర్ మేడం ముఖం చిన్నబుచ్చుకుంది. పక్కకు పిలిచి, "కొంచెం బాధగా ఉన్నవేమైనా చెప్పండి మేడం, మీ కథలో పవర్ రావాలి కదా" అంది.

"బాధ ఉన్నది మేడం. గిప్పుడు నా క్లాసు పోతాంది, గదే బాధ" అన్నాను.

"అది కాదు, చిన్నప్పటిది" అంది.

చిన్నప్పటి బాధలు తీర్చే అవసరం ఎవరికీ ఉండదు కదా. అందుకే అవి అందరికీ ఇష్టం.

జూలైలో మూడు, ఆగస్టులో ఆరు, సెప్టెంబరులో ఎనిమిది. బతుకమ్మ సెలవులు పోగానే మళ్ళీ మొదలు. ఆత్మవిశ్వాసం మీద ట్రైనింగు. ఒత్తిడి తగ్గించుకోవడం మీద ట్రైనింగు. క్లాసులో సమయాన్ని ఎలా వాడుకోవాలో ఒక ట్రైనింగు. దానికి పోయినందుకు నాకు పన్నెండు క్లాసులు పోయాయి. ప్రతిసారీ సమోసా, చాయ్, బ్యానర్ ముందు ఫోటో. రాకేశ్ మాత్రం ఒక్కదానికీ రాలేదు. పాపం, తీరికేది? నా క్లాసులో ఉన్నాడు.

అక్టోబరులో ట్రైనింగు సిరిసిల్లలో పెట్టారు. చందుర్తి మీదుగా పోయే బస్సులో కూర్చుని, వచ్చాక పిల్లలకు ఏ లెక్కలు చెప్పాలో రాసుకుంటూ పోయాను. చాయ్ సమయంలో పద్మ, రజిత, నేను మెట్ల మీద కూర్చున్నాం.

"నువ్వు గిటొస్తే నీ క్లాసులు ఎవలు చెప్తున్నరు పద్మా?" అన్నాను.

పద్మ చాయ్ పక్కన పెట్టి నవ్వింది. "ఏ క్లాసులక్కా? నేను మానేసి ఎన్మిది నెలలాయె. జగిత్యాల క్లాక్ టవర్ కాడ బట్టల దుకాన్ల చీరలు అమ్ముతున్న."

రజిత వైపు చూశాను.

"నేను సుత మానేసిన అక్కా. గీ సిరిసిల్లలనే కుట్టు మిషిని మీద ఉన్న. సర్కారు బడి పిల్లల అంగీలు కుడుతున్న" అంది రజిత.

"మరి గీడికెందుకొస్తున్నరే?"

"పిలుస్తున్నరు, అస్తున్నం" అంది పద్మ. "ప్రాజెక్టు కాయితంల పోయినేడే మా పేర్లు రాసిండ్రట. నడుమ పేర్లు మారిస్తే గడబిడ అయితదట. బస్ కిరాయిస్తరు, అన్నం పెడ్తరు. దుకాన్ల నిలబడీ నిలబడీ కాళ్ళు గుంజుతయి, గీడ జెర్ర కూసోవచ్చు."

"మానేసుడెందుకు మరి?"

పద్మ చాయ్ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. హాల్లో చెప్పినప్పుడు వచ్చినంత సులువుగా ఇక్కడ మాట రాలేదు ఆమెకు. "నిరుడు సుత గిట్లనే ట్రైనింగులుండె అక్కా, వేరే పేరుతోటి. పోయొచ్చినప్పుడల్లా ఒక్కో క్లాసు ఇంకొకలకు ఇచ్చుకుంట పోయిండ్రు. ఆఖరికి స్టాఫ్ రూముల ఖాళీగ కూసున్న. ఖాళీగున్నవు గదా, ఆఫీసుల ఫైళ్ళు సదురుమన్నరు. తెల్లారి గేటు కాడ నిలబడుమన్నరు. ఇజ్జత్ లేదని నేనే మానేసిన. నువ్వు జెర్ర పైలం."

రజిత తల కిందికి వేసుకుని, "నాకు సుత గంతే" అంది.

లోపల్నుంచి చప్పట్లు మొదలయ్యాయి. ఎనర్జీ రావాలట. భయమేసింది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, చాలా భయమేసింది. నా పదో తరగతి ఎటు పోతోందో ఆ మెట్ల మీద స్పష్టంగా కనపడింది.

తిరిగొచ్చిన మర్నాడు మనీషా స్టాఫ్ రూము బయట నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉంది.

"మేడం, వర్గమూలం లోపట మైనస్ మూడు అచ్చింది. రాకేశ్ సారు ఏమన్నడంటే, పుస్తకంల లెక్క తప్పు పడ్డది, కొట్టెయ్యుండ్రి అన్నడు. గట్ల పడ్డయి ఏడు లెక్కలు కొట్టేసినం."

నోటుబుక్కు తీసి చూశాను. ఏడు లెక్కల మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీతలు. ఏడూ సరైన లెక్కలే. వాస్తవ మూలాలు లేవు అని ఒక్క ముక్క రాస్తే మార్కులొచ్చే లెక్కలు.

"తప్పు పుస్తకంది కాదు బిడ్డా" అన్నాను.

"నాకు డౌటొచ్చింది మేడం. అడిగితే, నీకేం తెలుసు అన్నడు." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు మళ్ళ పోతరా మేడం?"

పోనని చెప్పాలనుంది. చెప్పలేకపోయాను. నవంబరులో ఇంకో వారం పోయాను కూడా. మొత్తం ముప్పై రెండు రోజులు.

డిసెంబరులో ఆఖరి ట్రైనింగు. జగిత్యాలలో ఐదు రోజులు. చంద్రమౌళి సారు స్టేజీ ఏర్పాట్లు చూసుకోవడానికి ముందురోజే జగిత్యాల పోయాడు. పొద్దున మా అవ్వ టిఫిను డబ్బా చేతికిస్తూ అడిగింది.

"ట్రైనింగుకేనా బిడ్డా?"

"బడికే అవ్వా."

"అగో! గీ బడి ఇంక యాది ఉన్నదా నీకు?" అంది.

మా అవ్వ నోరు అంతే. కానీ ఆ మాట గుచ్చుకుంది. కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు నన్ను గుర్తుపట్టి, "రాండ్రి మేడం, ట్రైనింగేనా?" అన్నాడు. బస్సు కండక్టర్లకు కూడా అలవాటైపోయాను! "కాదు" అని చెప్పి, వెనక్కి తిరిగి నడుచుకుంటూ బడికి పోయాను.

పది 'బి'లో రాకేశ్ కుర్చీలో కూర్చుని ఫోను చూస్తున్నాడు. పిల్లలు మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"మేడం, మీకు జగిత్యాలల..." అన్నాడు లేస్తూ.

"క్యాన్సిల్ అయింది బాబూ" అన్నాను. అబద్ధం కాదు. క్యాన్సిల్ చేసింది నేను. అతను ఫోను జేబులో పెట్టుకుని, బతికిపోయినట్టు స్టాఫ్ రూముకు పోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. రాని పని నెత్తిన పెడితే వాడు మాత్రం ఏం చేస్తాడు?

ఆ ఏడు లెక్కలూ మొదటి రోజే చెప్పాను. రెండో రోజు శ్రేఢులు, తరవాత త్రికోణమితి. పొద్దున ఒక గంట ముందు, సాయంత్రం ఒక గంట తరవాత. గొంతు పోయింది, చేతులంతా సుద్దపొడి. అంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. మూడో రోజు పన్నెండింటికి ఫోను మోగింది. చంద్రమౌళి సారు.

"శ్రీలతా, ఏడున్నవ్?"

"క్లాసుల ఉన్న సార్."

"క్లాసుల ఏం జేస్తున్నవ్!" అని అరిచాడు.

పది 'బి' అంతా విన్నది. పిల్లలు నవ్వు ఆపుకోలేక బెంచీల మీదికి వంగిపోయారు.

"పాఠం చెప్తున్న సార్."

"గీడ నీ పేరు మూడు దినాల సంది పిలుస్తున్నరు, నా ఇజ్జత్ పోతాంది! ఆఖరి ట్రైనింగుకు రాకుంటే ప్రాజెక్టుల కెళ్ళి పోయినట్టు రాస్తరు, ఎరుకేనా?"

"రాసుకోనియ్యుండ్రి సార్. గిప్పుడు కోణం మీద ఉన్న, మళ్ళ చేస్త" అని ఫోను పెట్టేశాను. బోర్డు వైపు తిరిగాను. బొమ్మ తిన్నగా గీశాను.

రాశారు. పదిహేను రోజుల తరవాత హైదరాబాద్ నుంచి అభినవ్ అని ఫౌండేషను కుర్రాడు వచ్చాడు. ఇరవై అయిదేళ్ళుంటాయి. భుజాన బ్యాగు, చేతిలో ట్యాబు. ఆఫీసు గదిలో చంద్రమౌళి సారు పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను పిలిపించారు.

"నమస్తే మేడం. కోరుట్ల బడి నుంచి ఒక టీచరు వెళ్ళిపోయారని మా దగ్గర నమోదైంది. ఎందుకు వెళ్ళిపోయారో తెలుసుకుందామని వచ్చాను. ఆమె మీకు తెలుసా?" అన్నాడు.

"పేరేంది బాబూ?"

"శ్రీలత గారు."

"నేనే."

అతను ట్యాబు చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలో సుద్దముక్క చూశాడు. "మీరు వెళ్ళిపోయారు కదా మేడం?" అన్నాడు.

"ఏడికి పోలే. తొమ్మిదేండ్ల సంది గీడనే ఉన్న."

అభినవ్ ట్యాబులో నాలుగో పేజీ తీసి చదివాడు. 'శిక్షణలన్నింటికీ హాజరైనవారిని నిలిచినవారిగా, ఆఖరి శిక్షణకు గైర్హాజరైనవారిని వెళ్ళిపోయినవారిగా పరిగణించాలి.' తను రాసిన రూలు కాదని, పాపం, ముఖం మీదే రాసి ఉంది.

"మిగతా ఇద్దరూ?" అన్నాను.

అతని ముఖం వెలిగింది. "జగిత్యాల పద్మ గారు, సిరిసిల్ల రజిత గారు నిలిచారు మేడం. ఒక్కరోజు కూడా తప్పలేదు. నెలాఖరున వాళ్ళకు శాలువాలు కప్పి సన్మానం. ముగ్గురిలో ఇద్దరంటే చాలా మంచి ఫలితం."

చీరలమ్మే పద్మ నిలిచింది. అంగీలు కుట్టే రజిత నిలిచింది. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ నేను వెళ్ళిపోయాను. నవ్వాలో ఆ ట్యాబు తీసి నేలకు కొట్టాలో తెలియలేదు. ఆ ఇద్దరి శాలువాలు నేను చెడగొట్టదలచుకోలేదు. వాళ్ళ నుంచి తీసుకున్న దానికి శాలువా ఏ మూలకు?

చంద్రమౌళి సారు నన్ను వరండాలోకి తీసుకుపోయాడు.

"శ్రీలతా, జెర్ర పోయిన అని సంతకం వెట్టు. కాయితమే గదా. పోలే అన్నవనుకో, మూడు బళ్ళల్ల ఎవలున్నరు, ఎవలు పోయిండ్రు అని మొదటి నుంచి మళ్ళ చూస్తరు. అందరం పరేషాన్ అయితం."

"నేను పోయిన అని నేనే రాసియ్యాల్నా సార్?"

"ప్రాజెక్టుల పోయినట్టు. బడిల ఉన్నట్టే."

"ఇగ ట్రైనింగులకు పిలుస్తరా మరి?"

"పిచ్చి లేషిందా ఏంది, పోయినోళ్ళను ట్రైనింగుకెట్ల పిలుస్తరు?" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆ మనిషి నోటి నుంచి నాకు పనికొచ్చే మాట రావడం అదే మొదలు. నేను లేనని రాసిస్తే, నన్నెవరూ బయటికి పంపలేరు!

"సంతకం వెడ్త. కని ముందుగాల్ల టైంటేబుల్ మీద రాసియ్యుండ్రి. పది 'బి' లెక్కలు బోర్డు పరీక్షల దాక నావి. వచ్చే ఏడు సుత నావే. రాకేశ్ కంప్యూటర్ల కాడికి పోవాలె. కింద మీ సంతకం, బడి ముద్ర."

"కరస్పాండెంట్ సారుకేం చెప్పాలె నేను?"

"అయితే లోపటికి పోయి బాబుకు చెప్త, నేను ఏడికి పోలే అని. పద్మ ఏ దుకాన్ల నిలిచిందో సుత చెప్త." నిజానికి పద్మ పేరు నా నోటి నుంచి వచ్చేది కాదు. కానీ ఆయనకు ఆ సంగతి తెలియదు.

"ఆగు ఆగు" అని చెయ్యి పట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు. "రాసిస్త మేడం" అన్నాడు.

మేడం! నిలిచి ఉన్నన్నాళ్ళు రాని మర్యాద, పోతున్నానంటే వచ్చింది. టైంటేబుల్ కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. నేను దాన్ని రెండుసార్లు చదివి, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

అభినవ్ ముందు కూర్చున్నాను. వెళ్ళిపోవడానికి కారణం చెప్పమన్నాడు.

"ట్రైనింగులు ఎక్కువై" అన్నాను.

అతను ట్యాబులో పైకీ కిందికీ వెతికాడు. "అది లేదు మేడం. పెళ్ళి, కాన్పు, అనారోగ్యం, భర్త బదిలీ, శిక్షణ సరిపోకపోవడం. ఈ అయిదే ఉన్నాయి."

"లేకుంటే ఏం జేస్తరు?"

"దగ్గరగా ఉన్నది నొక్కాలి మేడం" అని, సిగ్గుపడుతూ, 'శిక్షణ సరిపోకపోవడం' నొక్కాడు. వెంటనే ట్యాబు తనంతట తానే సిఫారసు కూడా చూపించింది: వచ్చే ఏడాది శిక్షణ రోజులు పెంచాలి.

సంతకం చేయమని తెల్లటి చోటు చూపించాడు. వేలు పెట్టాక ఆగిపోయాను. ఇంతసేపు ఆడిన పంతమంతా ఎటో పోయింది. తొమ్మిదేళ్ళు. వాంతులెత్తాను, బాత్రూములు చూశాను, ప్రతి జూన్‌లో అడుక్కున్నాను. బక్కయ్య మోసిన బస్తాలు, మా అవ్వ చుట్టిన బీడీలు, ఆ బీఎడ్డు, అన్నీ పెట్టి ఈ బడిలో ఒక గుమ్మం సంపాదించుకున్నాను. ఆ గుమ్మంలో నిలబడనివ్వాలంటే నేను లేనని నా చేత్తో నేనే రాసుకోవాలి. ఏడుపు కాదు, కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంతోనే సంతకం చేశాను.

"థాంక్యూ మేడం. ఒక్కటే ప్రశ్న మిగిలింది" అన్నాడు అభినవ్. ఈసారి ట్యాబు చూడకుండా నా ముఖం చూసి, మెల్లగా అడిగాడు. "మీరు బడిలో ఉండిపోవాలంటే మేం ఏం చేసి ఉండాల్సింది?"

మూడో పీరియడ్ గంట కొట్టారు. మెట్ల మీద పిల్లల అడుగులు, ఆపైన పది 'బి'లో బెంచీలు జరిపిన చప్పుడు. నేను లేచి నిలబడ్డాను. అతని కుర్చీ దారికి అడ్డంగా ఉంది.

"జెర్ర పక్కకు జరుగు బాబూ" అన్నాను. "నాకు క్లాసున్నది."